ఆ గుడారంలో కుర్చీ ఎందుకు లేదు?

మీ ప్రశ్న – మాస్టారి జవాబు

ప్రశ్న: మాస్టారూ, వందనాలు. ఈ వేసవిలో మా ఊళ్లో మూడు రాత్రులు కన్వెన్షన్ కూటాలు జరిగాయి. ప్రసంగీకులు పెద్ద రంగుల చార్టు కట్టి ఎడారి ప్రయాణంలో దేవుని ఆరాధనకు మోషే చేయించిన ప్రత్యక్షపు గుడారం గురించి చెప్పారు. తుమ్మకర్ర అంటే యేసు మానవత్వం, బంగారం అంటే దైవత్వం, ఇత్తడి అంటే తీర్పు అన్నారు. మేకుల్నీ తాళ్లనీ కూడా వదల్లేదు, అన్నిటికీ అర్థాలు చెప్పారు. వింటున్నంతసేపూ బాగానే ఉంది. ఇంటికొచ్చి నిర్గమకాండం తెరిస్తే ఈ అర్థాలేవీ అందులో కనబడలేదు. వచ్చే నెల సండేస్కూల్ పిల్లలకు నేను ఇదే పాఠం చెప్పాలి. ఏది చెప్పాలో, ఏది వదిలేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది. – ఒక సోదరి, తణుకు

జవాబు: అమ్మా, మీరు ఇంటికొచ్చి బైబిల్ తెరిచారు చూడండి, అక్కడే సగం పని అయిపోయింది.

ముందు నా సంగతి చెప్పాలి. నేను పాస్టర్ని కాను. ఐటీఐలో ముప్పై ఏళ్లు వడ్రంగం నేర్పినవాణ్ణి. అందుకే గుడారం అనగానే నాకు ముందు అర్థాలు తోచవు, కొలతలు తోస్తాయి. ఒక ఏడాది వీబీఎస్ (సెలవుల బైబిల్ బడి) పిల్లలతో గుడారం నమూనా చేయించాను. మూరకు అంగుళం చొప్పున లెక్క వేసుకున్నాం. ఆవరణం పొడవు 100 మూరలు, వెడల్పు 50. అంటే 8 అడుగుల 4 అంగుళాలు, 4 అడుగుల 2 అంగుళాలు. షాపులో దొరికే ప్లైవుడ్ షీటేమో ఎనిమిదికి నాలుగు. సరిగ్గా ఆ కాస్త దగ్గర తక్కువొచ్చింది! చివరికి రెండు పక్కలా బద్దెలు అతికించి సరిపెట్టాను. మందసం, అంటే ఆజ్ఞల పలకలు ఉంచిన పెట్టె, రెండున్నర అంగుళాలు, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. బల్లకు చుట్టూ బెత్తెడు బద్దె, దానికి బంగారు జవ (అంచు) అని మన బైబిల్లో ఉంది కదా, ఆ బద్దె మా నమూనాలో అగ్గిపుల్లంత వచ్చింది.

అన్నీ పెట్టేశాక ఐదో తరగతి పిల్లవాడొకడు అగ్గిపుల్లలతో చేసిన చిన్న కుర్చీ తెచ్చి పరిశుద్ధ స్థలంలో, అంటే గుడారం ముందు గదిలో, పెట్టబోయాడు. ఎందుకురా అంటే, "మరి ప్రధానయాజకుడు పొద్దుట్నుంచి నిలబడే ఉంటాడా మాస్టారూ?" అన్నాడు.

నాకు జవాబు దొరకలేదు. ఆ రాత్రి నిర్గమకాండం 25 నుంచి 40 దాకా మళ్లీ చదివాను. బల్ల ఉంది, దీపవృక్షం ఉంది, ధూపవేదిక ఉంది, బయట బలిపీఠం, గంగాళం ఉన్నాయి. పట్టుకార్లు, గరిటెలు, బూడిదెత్తే కుండలతో సహా అన్నీ రాసి ఉన్నాయి. కూర్చోవడానికి మాత్రం ఏమీ లేదు. ఏ పీటా లేదు. అప్పుడు హెబ్రీ పత్రిక 10వ అధ్యాయం 11, 12 వచనాలు గుర్తొచ్చాయి. ప్రతి యాజకుడూ దినదినమూ నిలబడి అవే బలులు మాటిమాటికీ అర్పిస్తుంటాడు. క్రీస్తు మాత్రం ఒక్క బలి అర్పించి కూర్చున్నాడు. అంతకుముందు ఆ మాట వందసార్లు చదివుంటాను. అక్కడ 'నిలబడి', 'కూర్చుండెను' అనే మాటలు ఎందుకు పక్కపక్కన ఉన్నాయో ఆ అగ్గిపుల్లల కుర్చీ చూశాకే తెలిసింది. పని పూర్తయినవాడు కూర్చుంటాడు. షిఫ్ట్ అయ్యేదాకా మా వర్క్‌షాపులోనూ ఎవరూ కూర్చునేవారు కాదు లెండి.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది నా తప్పే. మందసం మీది కరుణాపీఠాన్ని నేను చాలా ఏళ్లు ఒక ఆసనంగానే బోధించాను. బ్లాక్‌బోర్డు మీద వెనక ఆనుకునే పలకతో సహా గీసిన రోజులు కూడా ఉన్నాయి. మన తెలుగు మాటలో 'పీఠం' ఉంది కదా మరి. కానీ హెబ్రీలో ఆ మాట కప్పోరెత్. అది అచ్చ బంగారపు మూత, రెండున్నర మూరల పొడవు, మూరన్నర వెడల్పు. ఆ మూత రెండు కొసల్లో, దానితో ఏకాండంగా, నకిషి పనితో రెండు కెరూబులు, అంటే రెక్కలున్న పరలోక జీవుల రూపాలు. రెక్కలు పైకి చాపి, ఒకదానికొకటి ఎదురుగా, ముఖాలు మూత వైపు వంచి ఉంటాయి. ఏడో నెల పదో రోజున, ప్రాయశ్చిత్తార్థ దినాన, ప్రధానయాజకుడు అడ్డతెర వెనకున్న అతిపరిశుద్ధ స్థలంలోకి వెళ్లి ఆ మూత మీదా మూత ఎదుటా రక్తం చిలకరించేవాడు. కప్పోరెత్ అనే పేరూ ప్రాయశ్చిత్తం అనే మాటా అక్కడ ఒకే ధాతువులో కలుస్తాయి.

గ్రీకు అనువాదకులు ఆ మూతకు హిలాస్టేరియన్ అని పేరు పెట్టారు. పౌలు రోమా పత్రిక 3:25లో క్రీస్తు గురించి ఆ మాటనే వాడాడు. మన తెలుగు బైబిల్లో అక్కడ 'కరుణాధారము' అని ఉంది, హెబ్రీ 9:5లో 'కరుణాపీఠము' అని ఉంది. రెండూ గ్రీకులో ఒకే మాట. ఇది చార్టు గీసినవాళ్ల కల్పన కాదు, అపొస్తలుడే ఆ మూత వైపు వేలు చూపించాడు. పిల్లలకు ఒక్కటే చెప్పే టైముంటే ఇది చెప్పండి.

మీరడిగిన తేడా ఇక్కడే ఉంది. కొన్ని పోలికలు కొత్త నిబంధనే చెప్పింది. అడ్డతెర సంగతి అలాంటిదే. హెబ్రీ 10:20లో 'ఆయన శరీరము అను తెరద్వారా' అని స్పష్టంగానే ఉంది. సిలువ రోజున యెరూషలేము దేవాలయంలో తెర పైనుంచి కిందకి చిరిగిందని మత్తయి రాశాడు. ధూపం ప్రార్థన అన్నది కూడా లేఖనం మాటే. 141వ కీర్తనలో ఉంది, ప్రకటన 5:8లోనూ 8:3–4లోనూ ఉంది. ఇవి చెప్పడానికి మీకు ఏ భయమూ అక్కర్లేదు. మిగిలిన చాలా పోలికలు పెద్దలు పోల్చినవి. వాటిని చెప్పకూడదని అనను, 'పెద్దలు ఇలా పోల్చారు' అని చెప్పి చెప్పండి. ఆ రెండు మాటలు ముందు పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

పెద్దలంటే ఎవరో మొన్నటివాళ్లని అనుకోకండి. తుమ్మకర్రనే తీసుకుందాం. గుడారానికి తుమ్మకర్ర వాడటానికి మొదటి కారణం చాలా మామూలుది. సీనాయి ఎడారిలో పలక తీయగలిగినంత కర్రనిచ్చే చెట్లు అంతకంటే పెద్దగా లేవు. మన నల్లతుమ్మ ఆ చెట్టుకు దగ్గర బంధువే. మనవాళ్లు బండి చక్రాలకూ నాగళ్లకూ ఏ కర్ర వాడారో పల్లెటూరివాళ్లకు చెప్పక్కర్లేదు. ఎండిన తుమ్మ మీద చిత్రిక పట్టి చూడండి, భుజం పడిపోతుంది. ముళ్లు, వంకర కొమ్మలు, గట్టి చేవ. యేసుకు ముందు మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియా యూదులు ధర్మశాస్త్రాన్ని గ్రీకులోకి మార్చినప్పుడు ఈ కర్రను 'కుళ్లని కర్ర' అని అనువదించారు. గ్రీకు బైబిల్ చదువుకున్న తొలి సంఘ పితరులు ఆ మాట పట్టుకుని, సమాధిలో కుళ్లు పట్టని క్రీస్తు శరీరం అన్నారు. మీ ఊరికొచ్చిన ప్రసంగీకులు చెప్పిన 'తుమ్మకర్ర మానవత్వం' ఆ దారినే వచ్చింది. మోషే రాసిన మాట కాదు, అలాగని నిన్న పుట్టినదీ కాదు.

అసలు ఈ వస్తువులకు అర్థాలు వెతకడం క్రైస్తవులతో మొదలవలేదు. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ ఏడు దీపాలు ఏడు గ్రహాలనీ, పన్నెండు రొట్టెలు పన్నెండు నెలలనీ, తెరలోని నాలుగు రకాల నూలు నాలుగు భూతాలనీ రాశాడు. ఎనిమిదో శతాబ్దంలో ఇంగ్లండులో బీడ్ అనే సన్యాసి గుడారం మీదే మూడు భాగాల గ్రంథం రాశాడు. మన గోదావరి వైపు 1836లో వచ్చిన బౌడెన్, బీర్ మిషనరీ కుటుంబాలది బ్రదరన్ అనే క్రైస్తవ శాఖ సంప్రదాయం. పాత నిబంధనలో క్రీస్తుకు ముంగుర్తులు చూపించడమంటే ఆ సంప్రదాయంవాళ్లకు ప్రాణం. మా తాతగారు కూటాలకు వెళ్లేటప్పుడు చుట్టచుట్టిన చార్టును గొడుగులా చంకలో పెట్టుకుని బయల్దేరేవారు. అందుకే చార్టులంటే నాకూ ప్రేమే, కొట్టిపారేయను.

కానీ చార్టుతో ఒక చిక్కుంది. అర్థం ముందొచ్చేసి వస్తువు కనబడకుండా పోతుంది. గుడారం గోడ పలకల కింద ఉండే వెండి దిమ్మల సంగతి చూడండి. చాలా చార్టుల్లో 'వెండి – విమోచన' అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. ఎందుకలా అన్నారో నిర్గమకాండం 38లో లెక్కలతో సహా ఉంది. జనసంఖ్యలో చేరిన 6,03,550 మంది పురుషులు తలకు అర తులం చొప్పున ప్రాణానికి పరిక్రయధనం ఇచ్చారు. ధనవంతుడు ఎక్కువ ఇవ్వకూడదు, బీదవాడు తక్కువ ఇవ్వకూడదు. మొత్తం 3,01,775 తులాలు. ఒక తలాంతు 3,000 తులాలు కాబట్టి ఇది 100 తలాంతుల మీద 1,775 తులాలు. ఆ 100 తలాంతులతో 100 దిమ్మలు పోత పోశారు. నలభై ఎనిమిది పలకలకు రెండేసి చొప్పున 96, అడ్డతెర స్తంభాలకు నాలుగు. మిగిలిన 1,775 తులాలు స్తంభాల కొక్కేలకూ బోదెల పైరేకులకూ పెండెబద్దెలకూ సరిపోయాయి. పైసాతో సహా లెక్క తేలింది!

(ఇక్కడ తులం అంటే మన కంసాలి తులం కాదు, హెబ్రీ షెకెలు. ఇది చెప్పకపోతే పిల్లలు వాళ్లమ్మ గొలుసుతో లెక్క వేస్తారు.)

అంటే ఆ బంగారు పలకలన్నీ నిలబడింది ప్రాణాలకు చెల్లించిన వెల మీద. ఇంతా చదివాక మొదటి పేతురు 1:18–19 చూడండి: వెండి బంగారాల్లాంటి క్షయవస్తువులతో కాదు, అమూల్యమైన రక్తంతో విమోచించబడ్డారు. పేతురు దిమ్మల పేరెత్తలేదు. కానీ తలకు అర తులం ఇచ్చి ఆ లెక్కలో చేరిన జాతివాడు ఈ మాట వింటే ఎలా వింటాడో ఊహించండి. 'వెండి – విమోచన' అని చార్టు మీద చదివితే ఇది అందదు. మా పిల్లలతో ఈ కూడికలు నోటుపుస్తకంలో వేయించాను, లెక్కల్లో వీక్ అనుకున్న పిల్ల అందరికన్నా ముందు తేల్చింది.

గంగాళం దగ్గర కూడా కాసేపు ఆగండి. దానికి కొలతలే లేవు. అది దేనితో చేశారో మాత్రం ఉంది: గుడారం గుమ్మం దగ్గర సేవచేసిన స్త్రీల అద్దాలతో. అప్పటి అద్దమంటే గాజు కాదు, మెరుగుపెట్టిన లోహపు బిళ్ల. మన బైబిల్లో ఇత్తడి అని ఉన్నా అది రాగి లేదా కంచు. ముఖం చూసుకునే వస్తువు కరిగి, చేతులూ కాళ్లూ కడుక్కునే తొట్టి అయింది. యాకోబు పత్రికలో అద్దంలో ముఖం చూసుకుని మరచిపోయేవాడున్నాడు కదా, కొందరు పెద్దలు ఇక్కడ అతణ్ణి తెచ్చి కలుపుతారు. పోలిక బాగుంది. అయినా నన్నడిగితే, పోలికకు పోకముందు ఆ అద్దాలిచ్చిన ఆడవాళ్ల గురించి పిల్లలకు రెండు నిమిషాలు చెప్పండి. ఎడారిలో ఉన్న ఒక్క అద్దమూ ఇచ్చేశారు.

సన్నిధి రొట్టెలు కూడా అంతే. 'నేనే జీవాహారము' అన్న యేసు మాటకు నేరుగా గెంతేస్తాం. ముందు రొట్టెను చూడాలి. ఒక్కోదానికి ఏఫాలో (ఏఫా అప్పటి ధాన్యపు కొలత) రెండు పదో వంతుల పిండి, అంటే సుమారు రెండు కిలోల పైనే. మన చపాతీ కాదు, మోయాల్సిన రొట్టె. ఆరేసి చొప్పున రెండు వరుసలు, వాటి మీద సాంబ్రాణి. వారమంతా దేవుని ఎదుట ఉండి, విశ్రాంతి దినాన కొత్తవి పెట్టాక పాతవి యాజకులు అక్కడే తినేవారు. చార్టులో ఆ రొట్టెలు ఎప్పుడూ బల్ల మీదే ఉంటాయి, ఎవరూ తిన్నట్టు ఉండదు. ఆకలేసిన దావీదు నోబు అనే ఊళ్లో తిన్నది ఈ రొట్టెలే. యేసు ఆ సంగతే మార్కు 2లో గుర్తుచేశాడు.

దీపవృక్షం దగ్గర మాత్రం చార్టు వేసినవాళ్లతో నాకు చిన్న గొడవుంది. అందరూ 'క్రీస్తు లోకమునకు వెలుగు' అని రాస్తారు. యోహాను 8:12 ఉంది కాబట్టి తప్పనను. కానీ ప్రకటన 1:20లో ఏడు దీపస్తంభాలు ఏడు సంఘాలని యేసే చెప్పాడు. ఆయన వాటి మధ్య నడుస్తున్నాడు. మారుమనస్సు పొందకపోతే నీ దీపస్తంభాన్ని తీసేస్తానని ఎఫెసు సంఘానికి హెచ్చరిక కూడా ఉంది. ఆ అర్థం చార్టులో ఎందుకు రాదో నాకు తెలుసు, అది మన మీదకే వస్తుంది కాబట్టి.

రంగుల గురించి ఎక్కువ ఆలోచించకండి. నీలం ఆకాశం, ఊదా రాజరికం, ఎరుపు రక్తం అనేవి పెద్దల పోలికలే, ఒక్క ముక్కలో చెప్పి వదిలేయొచ్చు. మేకు మాత్రం మేకే. గాలికి గుడారం ఎగిరిపోకుండా కొట్టింది. హెబ్రీ పత్రిక రాసినాయనే 9:5లో మందసం, కెరూబుల దాకా వచ్చి, వీటి గురించి ఇప్పుడు వివరంగా చెప్పడం కుదరదని ఆగిపోయాడు. మనం మేకు దగ్గర ఆగితే ఏమీ కాదు.

ప్రశ్న: నిర్గమకాండం 30:6 ప్రకారం ధూపవేదిక అడ్డతెర బయట ఉంది. హెబ్రీ 9:4లో మాత్రం ధూపపు వస్తువు అతిపరిశుద్ధ స్థలంలో ఉన్నట్టు చెప్పారు. ఏది నిజం? – ఒక తమ్ముడు, ఖమ్మం

జవాబు: తమ్ముడూ, గ్రీకులో అక్కడున్న మాట థూమియాటేరియన్. ధూపం వేసే వస్తువేదైనా ఆ మాటలోకి వస్తుంది, చేత్తో పట్టుకునేదీ వస్తుంది, వేదికా వస్తుంది. మన తెలుగు అనువాదకులు 'సువర్ణధూపార్తి' అన్నారు, అంటే చేత్తో పట్టుకునేది. లేవీయకాండం 16లో ప్రాయశ్చిత్తార్థ దినాన ప్రధానయాజకుడు నిప్పులతో ధూపార్తి పట్టుకుని తెర లోపలికే వెళ్లేవాడు, ఆ పొగ కరుణాపీఠాన్ని కమ్మేది. ఆ రోజు దృష్టితో చూస్తే చిక్కే లేదు.

వేదిక అనే అనుకున్నా జవాబుంది. మొదటి రాజులు 6:22లో సొలొమోను కట్టిన దేవాలయంలో ధూపపీఠాన్ని గర్భాలయానికి చెందినదిగానే చెప్పారు. పెట్టింది తెర ఇవతల, పొగ వెళ్లేది అవతలికి. దాని ఎత్తు రెండు మూరలు, అంటే ఒక మనిషి నడుము దాకా. బల్లా మందసమూ మూరన్నర ఎత్తే, కొలత ఇచ్చిన లోపలి సామానులో ఇదే ఎత్తైనది. మా నమూనాలో దీన్ని తెరకు ఆనించి పెడితే పిల్లలు లోపలిదా బయటిదా అని వాదించుకున్నారు. నీ ప్రశ్న కూడా అదే కదా.

ప్రశ్న: మా పెద్దమ్మ ఇజ్రాయెల్ యాత్రకు వెళ్లి కొమ్మల దీపస్తంభం తెచ్చారు. 'గుడారంలో ఉన్నది ఇదే' అని ఆ షాపతను చెప్పాడట. లెక్కపెడితే తొమ్మిది కొమ్మలున్నాయి. ఇంట్లో పెట్టుకోవచ్చా? – ఒక సోదరి, హైదరాబాదు

జవాబు: అమ్మా, పెద్దమ్మగారు తెచ్చింది గుడారంలోది కాదు. తొమ్మిది ఉంటే అది హనుక్కా పండుగది. ఎనిమిది రోజులకు ఎనిమిది దీపాలు, వాటిని వెలిగించడానికి ఒకటి. యోహాను 10:22లో యేసు దేవాలయంలో నడిచిన ఆలయ ప్రతిష్ఠిత పండుగ ఇదే. గుడారంలోది ఏడు దీపాలది. మధ్యలో ఒక కాండం, రెండు వైపులా మూడేసి కొమ్మలు, బాదం పువ్వుల్లాంటి గిన్నెలు. అచ్చు పోసింది కాదు, ఒక తలాంతు బంగారాన్ని, అంటే ముప్పై కిలోల పైనే, సుత్తితో కొట్టి తీర్చిన పని. దాని ఎత్తు ఎంతో బైబిల్ చెప్పలేదు. పాతకాలపు రూపం చూడాలంటే రోములో తీతు విజయతోరణం ఉంది. క్రీస్తు శకం 70లో రోమీయులు యెరూషలేము కొల్లగొట్టి తెచ్చిన సామాను సైనికులు భుజాల మీద మోస్తున్నట్టు అందులో చెక్కారు. ఏడు కొమ్మల దీపవృక్షం, రొట్టెల బల్ల అందులో కనబడతాయి. కాకపోతే అవి హేరోదు కాలపు దేవాలయంవి, మోషే చేయించినవి కావు. 1949 నుంచి ఇజ్రాయెల్ రాజ్యచిహ్నంలో ఉన్నది కూడా ఆ తోరణం మీది రూపమే.

ఇంట్లో పెట్టుకోవచ్చా అంటే, బొమ్మగా పెట్టుకోండి. దీపం పెట్టి దండం పెట్టేది మాత్రం కాదు. పెద్దమ్మగారిని నొప్పించకండి, అంత దూరం నుంచి బరువు మోసుకొచ్చారు. కొమ్మల మధ్య దుమ్ము పడుతుంది, పాత టూత్‌బ్రష్‌తో తుడవండి, వస్తుంది.